దానమిచ్చిన ఎండీఎక్స్

కారు దానం చేశానని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఎవరికి?"

సంస్థ పేరు చెప్పాను. "సంస్థ సరేరా, అందులో ఎక్కి తిరిగేదెవరు?" అంది. వాళ్ళు వేలం వేస్తారమ్మా, వచ్చిన డబ్బు పిల్లల చదువులకు వాడతారు అని వివరించాను. గుడివాడలో మంచం మీద కూర్చుని, ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని, ఆవిడ ఓ క్షణం ఆలోచించింది. "అంటే అమ్మే ఓపిక లేక ఆ పని వాళ్ళకి పురమాయించావన్నమాట" అంది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం తగ్గి, కాగితాలు ముందేసుకుని లెక్క చూసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. చూసుకున్నాక ఆవిడ అన్నది అక్షరాలా నిజమని తేలింది. పైగా ఆ అమ్మే పని వాళ్ళు నాకంటే అధ్వాన్నంగా చేశారు.

అమెరికాలో డ్రైవ్‌వేలో పాత లెక్ససో, అక్యూరానో, బీఎండబ్ల్యూ ఎక్స్5నో పెట్టుకుని "ఛారిటీకి ఇచ్చేస్తే పోలా, పన్ను కూడా తగ్గుతుంది" అనుకుంటున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కారు ఇంకా నడుస్తూ నాలుగు డబ్బులు పలికేదైతే దాన్ని మీరే అమ్మండి. ఆ డబ్బు చెక్కు రాసి ఇవ్వండి. నేను చెప్పేది ఇంతే. కాకపోతే ఇది ఎందుకో తెలియాలంటే నా కారు కథ వినాలి.

మాది 2011 అక్యూరా ఎండీఎక్స్. అక్యూరా అంటే హోండా వాళ్ళ లగ్జరీ బ్రాండు. పేరుకు ఎస్‌యూవీ అంటారు గానీ నిజానికి క్రాసోవర్, హోండా పైలట్‌కు దగ్గర చుట్టం. అదే ఒడ్డూ పొడుగూ, లోపల తోలు సీట్లు, చెక్క నగిషీ, బయట వేరే బ్యాడ్జి. 43,000 డాలర్ల దాకా పెట్టి కొత్తది కొన్నాం. షోరూం నుంచి నేరుగా న్యూ జెర్సీ బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, డ్యాష్‌బోర్డు మీద చిన్న వినాయకుణ్ణి అతికించాం. పన్నెండేళ్ళు, 1,38,000 మైళ్ళు. పిల్లల ఈత క్లాసులు, కూచిపూడి క్లాసులు, ఇండియా నుంచి వచ్చిన రెండు వైపుల అమ్మానాన్నల నయాగరా యాత్రలు, అన్నీ అందులోనే.

2023లో ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. పాతది డీలరుకే ఇచ్చేసి కొత్తదాని ధరలో తగ్గించుకునే ట్రేడ్-ఇన్ కింద ఎండీఎక్స్‌కు 3,200 డాలర్లు ఇస్తామన్నారు. నాకు చిన్నతనంగా అనిపించింది. 43,000 పెట్టి కొన్నదానికి 3,200 తీసుకోవడం కంటే దానం చేయడం గౌరవంగా తోచింది. నాలో దయాగుణం ఎంత, అహం ఎంత, బద్ధకం ఎంత అని ఇప్పుడు విడదీసి చెప్పలేను గానీ, దయ మాత్రం మొదటి స్థానంలో లేదు.

పని మాత్రం ఎంత సులువో. వెబ్‌సైటులో కారు నంబరు, జిప్ కోడ్ కొట్టాను. మూడు రోజుల్లో కారును లాక్కెళ్ళే టో ట్రక్కు వచ్చింది. టైటిల్, అంటే యాజమాన్య పత్రం, వెనకాల సంతకం పెట్టాను, నంబరు ప్లేట్లు విప్పుకున్నాను. న్యూ జెర్సీలో ఆ ప్లేట్లు మోటార్ వెహికల్ కమిషన్‌కు అప్పగించాకే ఇన్సూరెన్స్ రద్దు చేయించుకోవాలి, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. టోలు దానంతటదే కట్టే ఈజీ-పాస్ పరికరం కూడా పీకేయాలి, లేకపోతే ఎవడి టోలో మనకు పడుతుంది. వినాయకుణ్ణి మా ఆవిడ ముందే తీసి కొత్త కారులో పెట్టింది. డిసెంబర్ 28. ఆ వారంలో టో ట్రక్కు వాళ్ళకు ఊపిరి తిరగదట. ఏడాది ముగిసేలోపు పుణ్యం, పన్ను తగ్గింపు రెండూ దక్కించుకోవాలని అందరికీ అప్పుడే గుర్తొస్తుంది.

ఫిబ్రవరిలో 1098-సి ఫారం వచ్చింది, దానమిచ్చిన కారు ఎంతకు పోయిందో పన్ను లెక్క కోసం చెప్పే కాగితం. వేలంలో కారు 2,900 డాలర్లకు పోయింది. అదే కారుకు, అదే స్థితిలో, మనిషికి మనిషి అమ్ముకుంటే ఎంత రావచ్చో, పాత కార్ల ధరలు చెప్పే కెల్లీ బ్లూ బుక్‌లో చూశాను: దాదాపు 6,500. సరే, వేలం వేలమే, టోకు బేరం. ఆ 2,900 అయినా పిల్లలకు చేరిందా అని ఈమెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చారు. తోలించిన ఖర్చు, వేలం ఫీజు, ఈ తతంగమంతా నడిపించే మధ్యవర్తి కంపెనీ వాటా పోను సంస్థకు ముట్టింది 1,740.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఫారం మీద ఉండేది కారు పలికిన మొత్తం ధర, ఖర్చులు తీసేయకముందుది. దాత చూసుకునే అంకె ఒకటి, ఛారిటీ చేతికొచ్చే అంకె ఇంకొకటి. రెండో అంకెను ఏ ఫారమూ దాతకు చెప్పదు. అడిగితేనే తెలుస్తుంది, అడిగేవాళ్ళు తక్కువ.

ఇప్పుడున్న నిబంధనలే ఇలా ఉంటే, ఒకప్పటి పరిస్థితి చూస్తే నవ్వొస్తుంది. 2004 దాకా దాత తన కారు విలువ ఇంత అని బ్లూ బుక్ చూసి రాసుకుంటే చాలు, అంతా పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. కారు తర్వాత ఎంతకు పోయిందో ఎవరికీ పట్టేది కాదు. అమెరికన్ కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జనరల్ అకౌంటింగ్ ఆఫీస్ 2003లో దీన్ని తవ్వింది. 2000 సంవత్సరానికి సుమారు 7,33,000 మంది వాహన దానాలు చూపించి, 65.4 కోట్ల డాలర్ల పన్ను తగ్గించుకున్నారని అంచనా వేసింది. ఒక 54 కార్ల జాతకాలు మొదటి నుంచి చివరి దాకా చూస్తే, వాటిలో మూడింట రెండొంతుల కార్ల విషయంలో దాత రాసుకున్న విలువలో ఛారిటీకి చేరింది 5 శాతమో, అంతకంటే తక్కువో. అంటే వంద రూపాయల దానంలో ఐదు రూపాయలు. మిగతాది ఎవరి పుణ్యం?

దాంతో 2004లో చట్టం మార్చారు. 2005 జనవరి 1 నుంచి, 500 డాలర్లకు మించి చూపించాలంటే, ఛారిటీ ఆ కారును మామూలుగా అమ్మేస్తే అది పలికిన ధర వరకే తగ్గింపు. ఆ 2005లోనే దానంగా వచ్చే కార్లు బాగా పడిపోయాయి. దయ ఒక్క ఏడాదిలో ఆవిరైపోదు కదా, ఆవిరైంది ఇంకేదో.

మూడు మినహాయింపులు ఉన్నాయి. ఛారిటీ ఆ కారును అమ్మకుండా తన పనికి గట్టిగా వాడుకుంటే, లేదా దాని విలువ పెరిగేలా పెద్ద రిపేర్లు చేస్తే, లేదా పేద కుటుంబానికి ఊరికే గానీ, చాలా తక్కువ ధరకు గానీ ఇస్తే, అప్పుడు మార్కెట్ విలువ మొత్తం చూపించుకోవచ్చు. గట్టిగా వాడటమంటే ఏడాది పాటు 10,000 మైళ్ళు తిరిగి ముసలివాళ్ళకు భోజనాలు చేరవేయడం లాంటిది. కడిగి, సొట్టలు తీసి, రంగు వేస్తే రిపేరు కిందకు రాదని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ విడమరిచి మరీ చెప్పింది. ఈ మూడింటినీ గమనించండి. మూడింట్లోనూ కారు కారుగా ఎవరికో ఉపయోగపడుతుంది. మా అమ్మ అడిగిన ప్రశ్నే చట్టంలో వేరే భాషలో ఉంది.

పన్ను తగ్గుతుంది కదా అంటారా? నా లెక్క చెబుతాను. 2023కు భార్యాభర్తలకు కలిపి స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ ఖర్చూ చూపించకపోయినా ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 27,700 డాలర్లు. విడివిడిగా చూపించే ఖర్చులన్నీ కలిపి ఆ గీత దాటితేనే దానానికి పన్ను తగ్గేది. మా ఇంటి పన్ను, రాష్ట్ర పన్ను కలిపి చాలానే ఉన్నా అప్పట్లో 10,000 మించి చూపించడానికి లేదు. 2021లో రీఫైనాన్స్ చేసుకున్న పుణ్యమా అని ఇంటి అప్పు వడ్డీ 8,600. గుడికి, ఇతర సంస్థలకు ఇచ్చినవి 1,500. కారు 2,900. అన్నీ కూడితే 23,000. గీత దాటలేదు. అంటే కారు వల్ల నాకు తగ్గిన పన్ను సున్నా. న్యూ జెర్సీ రాష్ట్ర పన్నులోనైతే మామూలు దానాలకు తగ్గింపే లేదు. ప్రకటనల్లో "గరిష్ఠ పన్ను ప్రయోజనం" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. నా గరిష్ఠం అది.

2025 నుంచి ఆ 10,000 పరిమితిని 40,000కు పెంచారు కాబట్టి ఎక్కువ ఇంటి పన్ను కట్టే మా జెర్సీ వాళ్ళలో కొందరు మళ్ళీ గీత దాటుతారు. దాటని వాళ్ళకు కూడా 2026 నుంచి ఒక చిన్న వెసులుబాటు వచ్చింది, దంపతులకు 2,000 డాలర్ల దాకా దానాలు చూపించుకోవచ్చు. కానీ అది డబ్బుగా ఇచ్చినదానికే. కారుకు వర్తించదు.

మనవాళ్ళు ఇంకొక చోట పొరబడటం చూశాను. కంపెనీ షేర్లున్న వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: షేర్లు అమ్మి డబ్బు ఇవ్వొద్దు, షేర్లే నేరుగా ఇచ్చేయండి, లాభం మీద పన్ను పడదు అని. అది మంచి సలహానే, ఏడాది దాటి ఉంచుకున్న షేర్లకు. ఆ సలహానే తీసుకొచ్చి కారుకు అతికిస్తారు. షేరు పెరిగిన వస్తువు. కారు తరిగిన వస్తువు. 43,000కు కొని 6,000కు అమ్మితే లాభమెక్కడ, దాని మీద పన్నెక్కడ? కారు అమ్మిన డబ్బు మీద మీరు పైసా కట్టక్కర్లేదు. అది మొత్తం ఇచ్చేయొచ్చు. పైగా మా కంపెనీలో ఉద్యోగి ఎంత డబ్బు దానం చేస్తే కంపెనీ అంత కలుపుతుంది. కారుకు కలపదు. నేను కారును తొందరపడి 5,500కే అమ్మి ఉన్నా, ఆ సంస్థకు 11,000 చేరేది. చేరింది 1,740. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

"అమ్మడానికి నీకు ఓపికుందా?" అని మా ఆవిడ న్యాయంగానే అడిగింది. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెడితే "ఇంకా ఉందా?" అని నలభై మంది అడుగుతారు, ఉందంటే ముప్పై తొమ్మిది మంది మాయం. మిగిలిన ఒక్కడు ఆదివారం పొద్దున ఇంటికొచ్చి, టైర్లు తన్ని చూసి, సగానికి అడుగుతాడు. నిజమే. కానీ ఇప్పుడు పాత కార్లు కొనే పెద్ద గొలుసు దుకాణాలున్నాయి. ఆన్‌లైన్‌లో ధర చెబుతారు, ఆ ధర ఓ వారం కట్టుబడి ఉంటుంది, వెళ్ళిన రోజే డబ్బు చేతిలో పెడతారు. ప్రైవేటుగా అమ్మినంత రాదు. అయినా వేలం ధరలోంచి ముగ్గురి వాటాలు తీసేసిన దానికంటే నయం. ఒక శనివారం పూట పని. ఆ పూట ఖర్చు పెట్టడం ఇష్టం లేకనే నేను దానం అన్నాను.

సంస్థను ఎంచుకోవడం మీద కూడా నేను పూట కాదు, పది నిమిషాలు పెట్టాను. రేడియోలో విన్న పేర్లకు మనసు మొగ్గుతుంది. మా రాష్ట్రంలోనే లేక్‌వుడ్‌లో ఉండే కార్స్ ఫర్ కిడ్స్ సంగతి అందుకు మంచి ఉదాహరణ (నేనిచ్చింది వాళ్ళకు కాదు). పేరు వింటే పేద పిల్లలందరికీ సాయం అనుకుంటాం. డబ్బు ప్రధానంగా వెళ్ళేది ఊరా అనే యూదు మత, విద్యా సంస్థకు. ప్రకటనల్లో ఈ సంగతి స్పష్టంగా లేదని పెన్సిల్వేనియా, ఒరెగాన్ రాష్ట్రాలు పట్టుకుంటే 2009లో డబ్బు కట్టి రాజీ పడింది. ఆ సంస్థకు ఇవ్వడంలో తప్పేమీ లేదు, తెలిసి ఇస్తే. తెలియకుండా ఇచ్చేలా ప్రకటన రాయడమే తప్పు.

సరే, అమ్మొద్దు, కారుగానే ఎవరికైనా ఉపయోగపడాలి అనుకుందాం. అప్పుడు లగ్జరీ కారుతో ఇంకో చిక్కు.

అమెరికాలో బస్సులు లేని ఊళ్ళలో కారు లేకపోతే ఉద్యోగం లేదు. అందుకే కొన్ని సంస్థలు పాత కార్లు తీసుకుని, తమ గ్యారేజీల్లో బాగుచేసి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇస్తాయి. వెర్మాంట్‌లో గుడ్ న్యూస్ గ్యారేజ్ 1996 నుంచి, మేరీల్యాండ్‌లో వెహికల్స్ ఫర్ చేంజ్ 1999 నుంచి ఈ పని చేస్తున్నాయి. రెండోది జైలు నుంచి విడుదలైన వాళ్ళకు మెకానిక్ పని కూడా నేర్పిస్తుంది. ఇలాంటి పని చేసే ఒక చోటికి తర్వాత నేను ఫోన్ చేశాను, ముందే మీకిచ్చి ఉంటే ఏం చేసేవారని. అవతలి ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది: "మీ కారైతే మేమూ అమ్మేసేవాళ్ళమే. మా కుటుంబాలు దాన్ని పోషించలేవు."

ఆలోచిస్తే ఎంత సబబు. ఎండీఎక్స్‌కు ప్రీమియం పెట్రోలు పోయమని కంపెనీ సిఫారసు. ఊళ్ళో తిరిగితే గ్యాలన్‌కు 16 మైళ్ళు. దాని ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటుంది, అది లక్ష మైళ్ళ దగ్గర ఒకసారి మార్చాలి, వాటర్ పంపుతో కలిపి చేయిస్తే వెయ్యి డాలర్లు దాటుతుంది. టైర్లు పెద్దవి, నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఏర్పాటు ఉంది, ఏది చెడినా బిల్లు పెద్దదే. మనకు పన్నెండేళ్ళు హాయిగా నడిచిందంటే కారు గొప్పతనం సగం, మన జీతం సగం. గంటకు పదహారు డాలర్లు సంపాదించే ఒంటరి తల్లికి దాన్ని ఇవ్వడమంటే, పూరి గుడిసె ముందు ఏనుగును కట్టేసి వెళ్ళడమే.

మా ఇంట్లో ఈ చర్చ నడుస్తుంటే మా తమ్ముడు "కొత్తగా ఎమ్మెస్‌కు వచ్చిన కుర్రాడికి ఇచ్చేయాల్సింది అన్నయ్యా" అన్నాడు. మనవాళ్ళలో ఇదొక మంచి సంప్రదాయమే. సీనియర్ల కరోలాలు, సివిక్‌లు జూనియర్ల చేతులు మారుతూ మూడు బ్యాచులు మోస్తాయి. పన్ను తగ్గింపు రాదు, మనిషికి ఇచ్చింది దానమే గానీ ఛారిటీ కాదు చట్టం దృష్టిలో. అదేం పెద్ద నష్టం కాదు, నాకెలాగూ రాలేదుగా. కానీ లైసెన్సు వచ్చి రెండు నెలలు కూడా కాని ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఈ కారు మీద ఇన్సూరెన్స్ ఎంత అడుగుతారో చూశారా? వాడి అద్దెకు పోటీగా వస్తుంది. గుడివాడ బావమరిదైతే ఇంకా ముందుకెళ్ళి, "షిప్పులో ఇటు పంపించరాదా బావా" అన్నాడు. తయారై మూడేళ్ళు దాటిన పాత కారును, అందులోనూ ఎడమవైపు స్టీరింగ్‌ను ఇండియా రానివ్వదని చెబితే, "మరి అక్కడ అంత గొప్ప కారు దేనికి పనికొస్తుంది?" అన్నాడు. వాడు వేళాకోళంగానే అన్నాడు.

మా అమ్మ రోజూ ప్రవచనాలు వింటుంది. నాలుగు నెలల తర్వాత ఈ అంకెలన్నీ ఆవిడకు చెప్పినప్పుడు, "నచికేతుడి నాన్న ఇచ్చిన ఆవుల్లా ఉంది నీ దానం" అంది. యజ్ఞంలో ఆయన దానమిచ్చినవి పాలు ఉడిగిపోయి, ఇక ఈనలేని ముసలి ఆవులు. కొడుకు అది చూసి ఉండబట్టలేక అడిగాడు. దెప్పిపొడిచిందని నేను చిన్నబుచ్చుకుంటే ఆవిడే సర్దింది: "నీది వట్టిపోయింది కాదులే. పాలిచ్చే ఆవునే ఇచ్చావు, కటికవాడికి ఇచ్చావు." ఇది ఇంకా ఘాటుగా తగిలింది.

ఆ మాట వెనక ఒక చిన్న సంగతి ఉంది. కారు నంబరు గూగుల్‌లో కొడితే వేలంశాల వాళ్ళు పెట్టిన ఫొటోలు ఇంకా దొరుకుతున్నాయి. అవి అమ్మకు పంపించాను. బురద నేలలో, దెబ్బ తగిలి ముడుచుకున్న కార్ల మధ్య మా ఎండీఎక్స్. డ్యాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి పీకేసిన చోట గుండ్రటి జిగురు మచ్చ. ఆవిడ ఆ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది.

ఎదురు వాదన ఒకటి ఒప్పుకోవాలి. కదలని కారు, ఇంజను పోయిన కారు, అమ్మాలంటే ఎవడూ ముఖం చూడని కారు ఉంటే ఛారిటీకి ఇచ్చేయడమే మేలు. మీకు ఇనుప సామాను వాడి బేరం తప్పుతుంది, వాళ్ళకు కొన్ని వందలు మిగులుతాయి. కారు 500 లోపే పలికినా, దాని విలువ అంత ఉంటే 500 దాకా చూపించుకోనిస్తారు. అలాంటి కార్లతో నిజంగా మంచి పనులు నడుస్తున్నాయి, చాలా పబ్లిక్ రేడియో స్టేషన్లకు ఇదొక ఆదాయం. నా గొడవంతా ప్రాణమున్న కార్ల గురించే. దానమిచ్చిన గొడ్డుకు పళ్ళు పట్టి చూడకూడదంటారు. పుచ్చుకునేవాడు చూడకూడదు, సరే. ఇచ్చేవాడు చూసుకోవద్దూ?

ఇప్పుడు మా ఆవిడ 2012 కరోలా వంతు వచ్చింది. ఇది అమ్మితే ఐదారు వేలు వస్తుంది, కాబట్టి నా సిద్ధాంతం ప్రకారం అమ్మి చెక్కు ఇవ్వాలి. కానీ రెగ్యులర్ పెట్రోలుతో, చవక టైర్లతో, ఏ మెకానిక్ అయినా బాగుచేయగల ఈ కారు కోసమే ఆ గ్యారేజీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు. నేనే నా సిద్ధాంతాన్ని పక్కనబెట్టి పోయిన వారం వాళ్ళకు ఫోన్ చేశాను. మొదటి సంస్థ నన్ను అడిగింది కారు నంబరు, జిప్ కోడ్, అంతే. గ్యారేజీ ఆవిడ ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేసింది. హీటరు పనిచేస్తుందా, వెనక సీటుకు పిల్లల కుర్చీ తగిలించే కొక్కేలు రెండూ ఉన్నాయా, వాన పడితే ఎక్కడైనా కారుతుందా, చివరిసారి బ్రేకులు ఎప్పుడు వేయించారు. ఆఖరికి, తాళంచెవులు రెండూ ఉన్నాయా అంది. ఒకటే ఇస్తే ఎక్కడో పారేసుకుంటారు, కొత్తది చేయించుకోవడం వాళ్ళకు భారం అంది.

రెండోది మూడేళ్ళ కిందట కనిపించకుండా పోయింది. శనివారం నుంచి ఇల్లంతా వెతుకుతున్నాం.